సారంగు బాబా ఇంగ్లీషు

సత్యవేణి దగ్గర చదివే పద్దెనిమిది మందికీ రాతపరీక్షలో తొంభైకి పైనే మార్కులొచ్చాయి. లాంచీ మీద జరిగిన పరీక్షలో మాత్రం ఒక్కడూ గట్టెక్కలేదు.

కాకినాడ దగ్గర, ఓడల్లో కళాసీ పనికి తర్ఫీదునిచ్చే ఒక చిన్న బడిలో ఆమె ఇంగ్లీషు చెబుతుంది. ఎం.ఏ.లో బంగారు పతకం వచ్చిన మనిషి. ఇంగ్లీషు క్రియ పక్కన అప్, అవుట్, ఆన్, ఆఫ్ లాంటి చిన్న మాట చేరితే అర్థం ఎలా మారిపోతుందో వెతికి వెతికి, పదకొండు వందల నలభై జంటల్ని ఒక లావుపాటి నోటుపుస్తకంలో రాసుకుంది. అక్షరక్రమంలో, ప్రతిదాని పక్కనా తెలుగు అర్థంతో. కుర్రాళ్లు ఆ పుస్తకాన్ని కంఠతా పట్టారు. అలాంటి పుస్తకం జిల్లాలో ఇంకెవరి దగ్గరా లేదని ఆమె నమ్మకం. అది నిజమే కావచ్చు.

పరీక్ష పెట్టడానికి బొంబాయి నుంచి ఒక కెప్టెన్ వచ్చాడు. అందరినీ లాంచీ ఎక్కించి, "స్టాండ్ బై" అన్నాడు. సిద్ధంగా ఉండండని. ఇద్దరు కుర్రాళ్లు వెళ్లి ఆయన పక్కన నిలబడ్డారు. ఆయన నవ్వాడు.

తర్వాత జరిగినదానికి ఎవరూ నవ్వలేదు. పోటు తగ్గి పాటు మొదలై, వెనక్కి తీసే నీళ్లు లాంచీని సముద్రం వైపు లాగుతున్నాయి. గట్టు మీది ఇనుప గుంజకు కట్టిన తాడు రెండో కొస నూకరాజు చేతుల్లో ఉంది. "పే అవుట్!" అని అరిచాడు కెప్టెన్. తాడు కొంచెం కొంచెంగా వదలమని. నూకరాజు వదల్లేదు. తాడు బిగిసి, చేతుల్లోంచి సర్రున దూసుకుపోయింది. కుడి అరచేతి మీద తోలు లేచిపోయింది.

కట్టు కట్టించుకుని వచ్చాక సత్యవేణి అతన్ని అడిగింది.

"ఆ మాట మన పుస్తకంలో ఉంది కదా నూకరాజూ?"

"ఉంది మేడమ్. పే అంటే చెల్లించడం, అవుట్ అంటే బయటకి. రెండూ గుర్తొచ్చాయి. కలిపేలోపే చెయ్యి పోయింది."

కెప్టెన్ మూడు వారాలు గడువిచ్చాడు. అప్పటికీ ఇలాగే ఉంటే ఈ ఏడు వీళ్లలో ఎవరికీ ఓడ దొరకదు.

సత్యవేణి రెండు రోజులు కూర్చుని పుస్తకంలోకి ఇంకో అరవై జంటలు ఎక్కించింది. మూడో రోజు క్లాసులో నూకరాజు ఎడమచేత్తో వంకర టింకరగా వాటిని రాసుకుంటుంటే ఆమెకు చూడబుద్ధి కాలేదు. పుస్తకం మూసేసింది.

ఆ సాయంత్రం డ్రిల్లు మాస్టారు అన్నాడు: "కోరంగి కాలవ చివర దర్గా దగ్గర సారంగు బాబా ఉంటాడు. ఒకసారి వెళ్లి అడగండి మేడమ్."

ఓడలో కళాసీలకు పెద్దను సారంగు అంటారు. బాబా అసలు పేరు మీరా సాహెబు. నలభై ఏళ్లు ఆ పని చేసి, ఇప్పుడు దర్గా ఊడ్చుకుంటూ, వచ్చినవాళ్లకు మంచినీళ్లిస్తూ బతుకుతున్నాడు. ఇంగ్లీషులో తన పేరు కూడా రాయలేడు. కానీ ఏ దేశపు కెప్టెనూ ఆయనకు ఒక మాట రెండుసార్లు చెప్పాల్సిన అవసరం రాలేదని అక్కడ చెప్పుకుంటారు.

సత్యవేణి వెళ్లేసరికి ఆయన కాలవ ఒడ్డున తాళ్లు ఆరబెడుతున్నాడు. ఆమె నమస్కారం పెట్టి, వచ్చిన పని చెప్పి, పుస్తకం తెరిచింది.

"బాబా, అవుట్ అంటే బయట. పుట్ అవుట్ అంటే దీపం ఆర్పడం. ఫైండ్ అవుట్ అంటే కనుక్కోవడం. పే అవుట్ అంటే తాడు వదలడం. ఒక్క మాటకి ఇన్ని దారులెందుకు? వీటన్నిటికీ కలిపి ఏదైనా సూత్రం ఉందా?"

బాబా శ్రద్ధగా విన్నాడు. తరవాత ఒడ్డున కట్టి ఉన్న నాటుపడవ తాడు విప్పి, కొస ఆమె ముందుకు చాపాడు.

"ఇది పట్టుకో టీచరమ్మా."

"పుస్తకం ఎక్కడ పెట్టను?"

"రెండు చేతులూ ఖాళీ అయ్యే చోట."

ఆమె దాన్ని దర్గా అరుగు మీద పెట్టి వచ్చింది. పాటుకి పడవ కదిలింది. తాడు బిగిసి ఆమెను రెండడుగులు నీళ్లలోకి లాగింది. చీర కుచ్చిళ్లు తడిసిపోయాయి.

"హోల్డ్ ఆన్" అన్నాడు బాబా మామూలు గొంతుతో.

ఆమె కాళ్లు బురదలో తన్నిపట్టి, వెనక్కి వాలి పట్టుకుంది.

"పే అవుట్."

ఆమె ఆలోచించింది. తాడు అరచేతిని గీరింది. "పే అవుట్" అని ఆయన మళ్లీ అన్నాడు, అదే గొంతుతో. ఆమె పట్టు సడలించింది. తాడు వేళ్ల మధ్య నుంచి మెల్లగా, మూరలు మూరలుగా వెళ్లడం మొదలైంది. పడవ తేలిగ్గా కదిలింది. భుజాల మీది బరువు దిగింది.

అంతే. ఆ రోజుకి ఇంకేం చెప్పలేదు. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబూ ఇవ్వలేదు.

"రేపు రానా బాబా?"

"పాటు రోజూ ఉంటుంది కదా."

ఆమె రోజూ వెళ్లింది. బాబా ఏ మాటకీ అర్థం చెప్పేవాడు కాదు. ఆమె తప్పు చేస్తే అదే మాట ఇంకోసారి అనేవాడు. సరిగ్గా చేస్తే ఏమీ అనేవాడు కాదు. మొదట్లో ఆమెకు అది అవమానంగా అనిపించింది. బంగారు పతకం తెచ్చుకున్నది ఒకరి మెచ్చుకోలు కోసం ఎదురు చూడటానికా అని కోపమొచ్చేది. అయినా మర్నాడు మళ్లీ వెళ్లేది.

ఆరో రోజు ఆయన "ఈజ్ ఆఫ్" అన్నాడు. ఆమె చెయ్యి తాడును కాస్త వదులు చేసింది. చేశాక గుర్తొచ్చింది, ఆ మాట తన పుస్తకంలో లేదు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. బాబా ఏమీ అనలేదు.

మర్నాడు పద్దెనిమిది మందినీ వెంటబెట్టుకుని వచ్చింది. నూకరాజు కట్టుతోనే వచ్చాడు. చెయ్యి మానేదాకా తాడు ముట్టుకోకుండా, మిగతావాళ్ల చేతులు చూస్తూ కూర్చున్నాడు. రెండో వారానికల్లా సత్యవేణి తనే ఒడ్డున నిలబడి మాటలు అంటోంది. గొంతు పెంచకుండా అంటోంది. క్లాసులో ఆమె గొంతు ఎంత గట్టిగా ఉండేదో తెలిసిన కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

గడువు రోజున కెప్టెన్ వచ్చాడు. ఆ వేళ గాలి కూడా ఎక్కువగా ఉంది. లాంచీ గట్టుకి చేరేలోపు ఆయన పదిహేను మాటలదాకా అన్నాడు. ఎవరూ ఆగలేదు. ఎవరి పెదవులూ కదల్లేదు. చేతులు కదిలాయి.

దిగాక కెప్టెన్ నూకరాజుని ఆపాడు. అరచేతి మీద కొత్త తోలు ఇంకా గులాబీ రంగులోనే ఉంది.

"పే అవుట్ అంటే ఏంటో ఇప్పుడు చెప్పు."

"చెప్పడం కష్టం సార్. తాడివ్వండి."

కెప్టెన్ నవ్వకుండా అతని పేరు ఎదురుగా సంతకం పెట్టాడు. పదహారుమంది గట్టెక్కారు. మిగిలిన ఇద్దరినీ నెల తర్వాత రమ్మన్నాడు.

సత్యవేణి నేరుగా దర్గాకి వెళ్లింది. బాబాకి దణ్ణం పెట్టి, సంతోషంగా అంతా చెప్పింది. ఇక మీద తను ఇలాగే నేర్పుతానని కూడా చెప్పింది. తర్వాత కాస్త తటపటాయించింది.

"కానీ బాబా, అన్ని మాటలకీ తాడు ఉండదు కదా. లుక్ ఆఫ్టర్ ఉంది. లుక్ అంటే చూడటం. ఆఫ్టర్ అంటే తరవాత. దాన్ని ఎవరి చేతిలో ఎలా పెట్టను?"

బాబా లేచి దర్గా వెనకనున్న తాటాకు పాకలోకి నడిచాడు. ఆమె వెంట వెళ్లింది. అక్కడ నులకమంచం మీద ఎముకలు తేలిన ఒక ముసలాయన పడుకుని ఉన్నాడు. ఒకప్పుడు బాబా ఓడలోనే వంట చేసిన గోవా మనిషి. పేరు దుమింగు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఆయనకు తెలుగు రాదు, బాబాకు కొంకణి రాదు. ఇద్దరూ ఓడ ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటారు.

బాబా పొయ్యి మీది గంజి గిన్నెలోకి ఒంపాడు. ఉప్పు వేశాడు. చెంచాతో కలిపి, వేడి ఎంతుందో తన పెదవికి ఆనించి చూసుకున్నాడు. గిన్నె సత్యవేణి చేతుల్లో పెట్టి నమాజుకి వెళ్లిపోయాడు.

 ఆమె మంచం పట్టె మీద కూర్చుని, ముసలాయన తల కొంచెం పైకెత్తి, ఒక చెంచా నోట్లో పోసింది. సగం గడ్డం మీద కారిపోయింది. కొంగుతో తుడిచింది. రెండోసారి తక్కువ తీసుకుని, ఎడమవైపు నుంచి పోసింది. ఆయన మింగేదాకా ఆగింది.

మింగి, దుమింగు దర్గా వైపు కళ్లు తిప్పాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

"లెవెన్ ఇయర్స్... హి లుక్స్ ఆఫ్టర్ మీ."

సత్యవేణి గిన్నెను ఒడిలోకి జరుపుకుని, ఇంకో చెంచా గంజి తీసి, ఊది, వేడి తగ్గిందో లేదో పెదవికి ఆనించి చూసుకుంది.