నూకాలు బొమ్మకి మూడు కాళ్ళు

ఇలా దగ్గరికి వచ్చి కాళ్ళు ముడుచుకుని పడుకో చిట్టీ. కథ మధ్యలో మంచినీళ్ళు అడిగావంటే మాత్రం చెప్పను.

అనగనగా ఏటి అవతల ఒక ఊళ్ళో నూకాలు అని బొమ్మలు వేసే ఆవిడ ఉండేది. ముతక గుడ్డకి చింతగింజల జిగురూ సుద్దా పూసి, ఎండబెట్టి, నేల మీద పరిచి, దాని మీద వంగి వేసేది. ఆవిడ మొగుడు సన్యాసయ్య వడ్రంగి. పేరుకే సన్యాసి, పెళ్ళామంటే ప్రాణం.

నలభై ఏళ్ళు వంగి వంగి నూకాలు నడుము పట్టేసింది. ఒకరోజు వంగింది, మళ్ళీ లేవలేకపోయింది. అప్పుడు కుంచెలన్నీ ఒక సంచిలో వేసింది. "అటక మీద పడెయ్యవయ్యా, ఇంక నా వల్ల కాదు" అంది. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

సన్యాసయ్య సంచిని అటక ఎక్కించలేదు. ఎదురుగా గోడకి తగిలించాడు. "నువ్వు గుడ్డ దగ్గరికి వంగలేకపోతే, గుడ్డనే నీ దగ్గరికి లేపుతానే" అన్నాడు.

ముందు రెండు కాళ్ళ చట్రం చేసి, గుడ్డ బిగించి, గోడకి ఆనించాడు. నూకాలు కుంచె పెట్టిందో లేదో, చట్రం సర్రున జారింది. గుడ్డ వెళ్ళి రంగు ముంతల్లో బోర్లా పడింది.

ఆ తర్వాత నాలుగు కాళ్ళది చేశాడు. వాళ్ళది మట్టి నేల కదా, అంతా ఎగుడుదిగుడు. ఒక కాలు ఆనితే ఇంకో కాలు లేచేది. నూకాలు బొమ్మలో రాజుగారికి కన్ను పెట్టబోతే అది చెవి పక్కన పడింది. నవ్వకు, పాపం సన్యాసయ్యకి ఏడుపొచ్చింది. కాళ్ళ కింద పెంకులు పెట్టాడు, చెక్కముక్కలు పెట్టాడు. అయినా ఊగడం మానలేదు.

అప్పుడు నూకాలు గంజి కలుపుతూ కేకేసింది. "ఏమయ్యా, ఈ పొయ్యికి రాళ్ళెన్ని?"

"మూడు."

"ఇదీ ఆ నేలే కదా. కుండ ఎప్పుడైనా ఊగిందా?"

సన్యాసయ్య మూతి ముడుచుకున్నాడు. "మంచానికీ పీటకీ నాలుగు కాళ్ళు పెట్టినవాణ్ణి. మూడు కాళ్ళది చేస్తే ఊరంతా నవ్వుతారే!" కానీ గోడకున్న సంచి కనబడింది. నవ్వితే నవ్వనీ అనుకుని ఉలి తీశాడు. ముందు రెండు కాళ్ళు, వెనక ఒకటి పెట్టాడు.

నిలబెట్టాడు. తోసి చూశాడు. దూడ వచ్చి ఒళ్ళు రుద్దుకుంది కూడా. అయినా చట్రం కదల్లేదు.

ఆ తర్వాత నూకాలు నిటారుగా నిలబడి, పొద్దుటినుంచి పొద్దు వాలేదాకా బొమ్మ వేసింది. ఏం వేస్తున్నావే అంటే చెప్పదు. మాటిమాటికీ గుడ్డ పైనుంచి మొగుడివైపే చూసేది. చివరికి పిలిచింది. చూస్తే ఏముంది, సన్యాసయ్యే! మీసంలో ఎప్పుడూ ఉండే రంపపు పొట్టుతో సహా.

"రాజుల్నీ దేవుళ్ళనీ వేసేదానివి, నన్నెందుకే?"

"ఇన్నేళ్ళూ తల వంచుకుని గుడ్డనే చూశానయ్యా. ఇవాళ తలెత్తితే ఎదురుగా నువ్వున్నావు."

సన్యాసయ్య తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. పొట్టు పడిందన్నాడు. ఆ రోజు అసలు రంపమే ముట్టుకోలేదులే.

కుంచె వచ్చె చేతికి,
సంచి పోయె అటకకి,
కథ నడిచె కంచికి,
చిట్టి జారె నిద్రకి.