గోడమీద రెండు ఆకుపచ్చలు

మా గురువుగారికి ఒక అలవాటుండేది. ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబు చెప్పేవారు కాదు, లేచి చెప్పులు తొడుక్కునేవారు. వెంట నడవమని దానర్థం.

నృసింహం అనే శిష్యుడు ఒక ఉదయం చేతులు కట్టుకుని, కాస్త మురిపెంగానే అడిగాడు: "స్వామీ, ఈ మధ్య నాకు ఏది చూసినా ఒకటే అనిపిస్తోంది. అదీ సరే, ఇదీ సరే. ఇది సమదృష్టేనంటారా?"

గురువుగారు చెప్పులు తొడుక్కున్నారు.

వెళ్ళింది ఉపేంద్రరావుగారింటికి. ఆయన భార్య విశాలాక్షమ్మ పోయి ఏడాది. ముందురోజే సంవత్సరీకం అయింది. ఏడాదిలోపు ఇంటికి రంగులు వేయించరు కదా! అందుకని పడకగది గోడమీద, బతికుండగా ఆమె వేయించుకున్న రెండు నమూనా పట్టీలు అలాగే ఉండిపోయాయి. పక్కపక్కన, అరచేయంతేసి. రెండూ ముదురు ఆకుపచ్చే. రంగులు వేసే సైదులు డబ్బాల ముందు కూర్చుని ఉన్నాడు. ఏది వెయ్యాలో ఆయన చెప్పాలి.

"మీ అమ్మగారికి ఏది నచ్చిందో చెప్పు సైదులూ. నీతో అనే ఉంటుంది," అంటున్నారు ఉపేంద్రరావుగారు.

"అనలేదండి. మిమ్మల్నే అడిగారుగా?"

"అడిగింది." ఆయన గొంతు తగ్గింది. "పేపర్లోంచి తలెత్తకుండా 'రెండూ ఒకటేగా, ఏదో ఒకటి వేయించు' అన్నాను."

సైదులు బ్రష్షు కింద పెట్టాడు. "నేనూ అన్నానండి, అయ్యగారు పట్టించుకోరు, మీరే చెప్పేయండమ్మా అని. 'నేనింక ఎన్నాళ్ళు చూస్తాను సైదులూ? ఈ గదిలో ఉండేది ఆయనే. ఆయన్నే చెప్పనీ' అన్నారు."

తన జబ్బు సంగతి అప్పటికి ఆ తల్లి ఒక్కదానికే తెలుసు.

ఉపేంద్రరావుగారు ఏడవలేదు. గోడ దగ్గరికి వెళ్ళి ఒక పట్టీమీద చెయ్యి వేశారు. "ఇది వాన వెలిశాక మామిడాకు, స్వామీ. ఆ రెండోది సాయంత్రం నల్లబడిపోతుంది, పొద్దున కిటికీ తీస్తే మళ్ళీ విచ్చుకుంటుంది. ఏడాదిగా చూస్తున్నాను, ఎక్కడా ఒకటి కాదు. ఇప్పుడడిగితే చెబుతాను. అడగదే!"

సైదులు చప్పుడు కాకుండా డబ్బా మూత పెట్టేశాడు. గురువుగారు ఉపేంద్రరావుగారి వీపుమీద చెయ్యివేశారు.

తిరిగొచ్చాక, ఆశ్రమం గుమ్మంలో చెప్పులు విడుస్తూ గురువుగారు నృసింహంతో అన్నారు:

"ఆ రోజు ఆయనా రెండూ ఒకటేనన్నారు, నాయనా."