నెలకి ఆరు ఏకాదశులు

చెప్పండి, ఏం చూశారు? ఇద్దరూ నా మొహంలోకి చూసి చెప్పండి. చారూ, పెద్దదానివి నువ్వు, ముందు నువ్వు చెప్పు. ఆ నేలచూపులేమిటి? పొద్దున్న వంటింట్లో గ్యాసు బండ పక్కన నేను కూర్చుని ఉంటే తలుపు సందులోంచి తొంగిచూశారా లేదా?

ఏమిటే బుల్లీ? అడకత్తెరా? ఆఁ, అడకత్తెరే. దాంతో ఏం చేస్తోంది అమ్మమ్మ? వక్కలు కత్తిరిస్తోందా? కాదు కదా. బీపీ మాత్రని రెండు ముక్కలు చేసి, ఒక ముక్క మింగి, రెండో ముక్కని మళ్ళీ అదే అట్టలో దోపింది. మీరు నన్ను చూశారు, నేను మిమ్మల్ని చూశాను. చూసి ఏమన్నాను? అమ్మకి చెప్పకండి, చెప్పకపోతే జీళ్ళిస్తానన్నాను. అరవైతొమ్మిదేళ్ళొచ్చినదాన్ని, పసిపిల్లలకి జీళ్ళు లంచం పెట్టాను. అప్పట్నుంచీ నాకు ముద్ద దిగలేదు.

సరే, దాని సంగతి తర్వాత. ముందు కథ. పడుకోండి. బుల్లీ, కాలు నా మీద వేసుకో, పర్వాలేదు. కానీ ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగిపోతుంది.

అనగా అనగా, ఏ కాలమని అడక్కండి, ఏ జిల్లా అని అడక్కండి, ఒక ఊరు. ఆ ఊళ్ళో పైడయ్య అని ఒక కుమ్మరి. అతని పెళ్ళాం అచ్చియ్యమ్మ. వాళ్ళకో కూతురు, చిట్టి. మన బుల్లంతే ఉంటుంది, దీనిలాగే ముక్కు చీదమంటే పారిపోతుంది. నవ్వకు, నిన్నే. ఇంకా పైడయ్య తల్లి. అంతే, నలుగురు. ఆవిడ పేరేమిటా? ఆవిణ్ణి పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరమ్మా. కోడలికి అత్త, మనవరాలికి నాయనమ్మ, ఊరికి ముసలమ్మ. ఉందంటే ఉంది, లేదంటే లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఒక ఏడు పైడయ్య ఆవం పేర్చాడు. ఆవం అంటే తెలీదా? పచ్చికుండలన్నీ పేర్చి, పిడకలూ గడ్డీ కప్పి, పైన మట్టి మెత్తి కాలుస్తారు. అది కాలుతుండగా కుండపోతగా వాన కురిసింది. మూడు నెలల చాకిరీ బురదయిపోయింది. మళ్ళీ మట్టి తోలుకోవాలన్నా, పిడకలు కొనాలన్నా చేతిలో చిల్లిగవ్వ లేదు. ఊళ్ళో ఎవర్నడిగినా ఇప్పుడు లేదు పొమ్మన్నారు. ఆఖరికి ఇటికల గుంటలో ఉండే దయ్యం దగ్గరికెళ్ళాడు.

భయపడకండి. మంచి దయ్యమే, లెక్క గల దయ్యం. సంచీడు డబ్బిచ్చింది. ఇచ్చి, ఇల్లు తాకట్టు పెట్టమంది. ప్రతి అమావాస్యకీ మిట్టమధ్యాహ్నం గంపెడు బియ్యం పొయ్యాలి, అలా ఏడేళ్ళకి ఎనభైనాలుగు గంపలు. ఒక్క గంప తప్పినా ఇల్లు నాది, మీరు వీధిలోకి. అప్పు తీరేదాకా మీ అటకమీదే కూర్చుంటానంది. పైడయ్య సరేనన్నాడు. ఏం చేస్తాడు మరి?

దయ్యం వచ్చి అటకమీద కూర్చుంది. ఎవర్నీ ఏమీ అనేది కాదు. కాళ్ళు మాత్రం కిందికి వేలాడేసుకునేది. అచ్చియ్యమ్మ పొయ్యి ఊదితే ఆ కాళ్ళు నెత్తికి తగిలేవి. గంజి వారిస్తే వీపుకి తగిలేవి. ఊ కొడుతున్నారా? ఆఁ. పిల్లకి జడ వేస్తుంటే ఆ కాళ్ళే, పక్క దులుపుతుంటే ఆ కాళ్ళే. పండగొచ్చినా, చుట్టమొచ్చినా ముందు కనబడేది ఆ కాళ్ళే. అచ్చియ్యమ్మ పౌరుషం గల మనిషి. ఏడేళ్ళు ఈ కాళ్ళు నా నెత్తిమీద ఉంటే నేను బతకలేనంది. అటకకేసి చూసి, ముందుగా తీర్చేస్తే వెళ్ళిపోతావా అని నిలేసి అడిగింది. ఇస్తానంటే వద్దంటానా, అంది దయ్యం.

సరే, మూడున్నరేళ్ళలో తీర్చేస్తానంది అచ్చియ్యమ్మ. నెలకి ఒక గంప పొయ్యాల్సినచోట రెండు గంపలు. మొగుడిచేత ఒక కుండ చేయించి పొయ్యి పక్కన పెట్టింది. వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా మనిషికి ఒక పిడికెడు చొప్పున తీసి ఆ కుండలో వేసేది. పైడయ్య పేరు చెప్పి ఒక పిడికెడు, తన పేరు చెప్పి ఒకటి, చిట్టి పేరు చెప్పి చిన్నది ఒకటి, అత్త పేరు చెప్పి ఒకటి. పిడికెడు బియ్యం తీసి పెట్టడం మన ఇళ్ళల్లో ఉన్నదే, అందులో తప్పేమీ లేదు. చారూ, నిద్రపోతున్నావా? ఊ అను.

దాంతో ఆగిందా? ఆగలేదు. తలకి నూనె మానేసింది. తలనూనె మానేస్తే చాలదని దీపంలో నూనె తగ్గించింది. దీపం చిన్నదైతే పొద్దుగూకగానే పడుకున్నారు. పొద్దుగూకగానే పడుకునేవాళ్ళకి రాత్రి అన్నం ఎందుకంది. రాత్రి అన్నం లేకపోతే పొద్దున్నకి చద్దన్నం లేదు. చద్దన్నం లేకపోతే ఉల్లిపాయ అక్కర్లేదు. ఉల్లిపాయ కొనకపోతే సంతకెళ్ళక్కర్లేదు. సంతకెళ్ళకపోతే చిట్టి జీళ్ళడగదు. చూశారా ఎంత తెలివో! ఒక్క తలనూనె దగ్గర మొదలుపెట్టి పిల్ల జీళ్ళదాకా వచ్చింది.

ఊళ్ళో ఆడవాళ్ళంతా ఆ కుండ చూడటానికొచ్చేవారు. కోడలంటే అచ్చియ్యమ్మే, సంసారమంటే అదీ అనేవారు. నువ్వూ ఉన్నావు, ఏడాదికి మూడు కోకలూ నువ్వూనని తమ కోడళ్ళని దెప్పేవారు. అచ్చియ్యమ్మకి ఒళ్ళు పొంగిపోయేది. కుండ మూత తీసి చూపించేది.

ఇదిగో, ఇక్కణ్ణుంచి కథ నెమ్మదిగా చెబుతాను. మీరు ఊ ఆపకండి.

ముసలమ్మ మొదట్లో నెలకి రెండు ఏకాదశులుండేది. అందరూ ఉండేవే. తర్వాత శివుడికని సోమవారాలు మొదలుపెట్టింది. తర్వాత వెంకన్నకని శనివారాలు. ఆ తర్వాత ఏం చెప్పాలో తోచక, అన్నానికి పిలిస్తే, ఇవాళ ఏకాదశి కదే అమ్మాయ్ అనేది. నాలుగు రోజులు పోయాక మళ్ళీ ఇవాళ ఏకాదశే అనేది. ఇంకో వారానికి మళ్ళీ. ఆ ఇంట్లో నెలకి ఆరు ఏకాదశులొచ్చేవి. ఆవిడ గిన్నెలో పడాల్సిన అన్నం తాలూకు బియ్యం తిన్నగా కుండలోకి వెళ్ళేవి.

ఏమిటి చారూ? అచ్చియ్యమ్మకి తెలీలేదా అంటావా? అడుగు, అడగాల్సిన మాటే. అమావాస్య అమావాస్యకీ దయ్యానికి గంప పొయ్యాలని రోజులు వేళ్ళమీద లెక్కపెట్టే మనిషి ఆవిడ. అమావాస్య వెళ్ళిన పదకొండో రోజు ఏకాదశి. చంద్రుణ్ణి చూడకుండా ఏ తిథో చెప్పగలదు. అలాంటిదానికి తెలీదా? తెలుసమ్మా. తెలుసు. ముసలమ్మ ఏకాదశి అన్న ప్రతిసారీ అచ్చియ్యమ్మ వేలు కణుపు మీద ఆగేది. ఆగి, ముందుకి జరిగేది. మరి కాసిని మంచినీళ్ళు తాగండత్తా అనేది, అంతే.

అలా నలభై రెండు నెలలు గడిచాయి. ఆఖరి అమావాస్య వచ్చింది. ఎనభైనాలుగో గంప నిండింది. ఊరు ఊరంతా వాకిట్లో చేరింది. దయ్యం వెళ్ళిపోవడం చూడాలని పిల్లలు గోడలెక్కారు. పైడయ్య కొత్త పంచె కట్టాడు. దయ్యం అంతవరకూ ఒక్క గింజ తినలేదు, అంతా అటకమీద పోసుకుంది. అప్పుడు కిందికి దిగి, బియ్యమంతా వాకిట్లో రాశి పోసి, పిడికెడు పిడికెడుగా తీసి వాసన చూడటం మొదలుపెట్టింది.

ఇది పైడయ్యది, నాదే. ఇది అచ్చియ్యమ్మది, నాదే. ఇది పిల్లది, నాదే. ఇది? ఇది నాది కాదు. అని పక్కన పోసింది. మళ్ళీ ఇది పైడయ్యది, ఇది అచ్చియ్యమ్మది, ఇది పిల్లది. ఇది నాది కాదు. చిటికెడుండేది చేటెడయింది, చేటెడుండేది గంపెడయింది, పొద్దు వాలేసరికి కానిది ఇరవై గంపలు తేలింది.

అచ్చియ్యమ్మ నడుముమీద చెయ్యి వేసుకుని, దయ్యానికి బియ్యమంటే బియ్యమే, వాసనలేమిటని గట్టిగా అడిగింది. అప్పుడా దయ్యం చెప్పింది. నాకు తగ్గించుకుని ఇస్తున్నానని ఒప్పుకుని ఇచ్చిన గింజ తింటాను. అబద్ధమాడి ఇచ్చిన గింజ నాకు గొంతు దిగదు. ఈ గింజల నిండా ఏకాదశి వాసనేనే. నా అప్పు మొదలయ్యాక లెక్కకి ఎన్ని ఏకాదశులొచ్చాయో నువ్వే చెప్పు, వేళ్ళున్నాయిగా, అంది.

ఊరంతా అచ్చియ్యమ్మ చేతివేళ్ళకేసే చూస్తోంది. నిన్నటిదాకా మెచ్చుకున్న ఆడవాళ్ళే చెంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. పైడయ్య తల్లికేసి చూసి, అమ్మా, నిజమా అన్నాడు. పాపం ఆ మగాడికి నిజంగానే తెలీదు. తెలుసుకుందామని చూసిందీ లేదు. అరుగుమీంచి ముసలమ్మ దిగివచ్చి, నాకు ఆకలి వెయ్యకే నేను తినలేదు, కోడలిపిల్లనేమీ అనకండి అంది. ఆ మాట అంటూ గుంజ పట్టుకుంది. పట్టుకోకపోతే నిలబడలేదు. అప్పుడు చూసింది అచ్చియ్యమ్మ. మూడున్నరేళ్ళుగా ఎదురుగా ఉన్న మనిషిని అప్పుడు చూసింది. జబ్బలు వెదురుపుల్లల్లా ఉన్నాయి.

అబద్ధం చెప్పింది ముసలమ్మ. నమ్మినట్టు నటించింది కోడలు. ఎవరిది పెద్ద తప్పు? అచ్చియ్యమ్మకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. దయ్యం కాళ్ళ బరువు నెత్తిమీద ఎంతో అనుకుంది గానీ, ఆ రోజు ఆ సిగ్గు బరువు ముందు అవి దూదిపింజలు.

ఇంకా ఇరవై గంపలు బాకీ అని దయ్యం మళ్ళీ అటకెక్కింది. వద్దన్న బియ్యాన్ని అచ్చియ్యమ్మ చేటతో ఇంట్లోకి ఎత్తింది. ఆ రోజు నుంచీ పూట పూటా ఆ బియ్యమే వండి, అత్తకి పీట వేసి, పక్కన కూర్చుని, కంచం ఖాళీ అయ్యేదాకా లేచేది కాదు. ఇవాళ ఏకాదశి అని ముసలమ్మ అనబోతే, కాదత్తా, ఇవాళ సప్తమి, తినండి అనేది. దయ్యానికి నెలకి ఒక్క గంపే పోసింది. ఇరవై నెలలు పట్టింది. మొత్తం ఏడేళ్ళూ కాలేదు, మూడున్నరేళ్ళూ కాలేదు. అయిదేళ్ళ రెండు నెలలు. ఆఖరి అమావాస్యనాడు ముసలమ్మ కడుపునిండా తిని బ్రేవుమని త్రేన్చింది. ఆ త్రేన్పు విని దయ్యం కాళ్ళు పైకి లాక్కుని, నా లెక్క సరిపోయిందని ఇంటి కాగితం పొయ్యిగట్టుమీద పెట్టి వెళ్ళిపోయింది. పైడయ్యా, అచ్చియ్యమ్మా, చిట్టీ, ముసలమ్మా నలుగురూ సుఖంగా ఉన్నారు. కథ కంచి బస్సెక్కింది, మనం మంచమెక్కాం.

ఏమిటే బుల్లీ? నిజంగా త్రేన్చిందా?

కథలో త్రేన్చిందమ్మా.

మీ తాతయ్య కుండలు చెయ్యలేదు, బట్టలు కుట్టేవాడు. ఆవం వానపాలవడం కాదు, కుట్టుకొట్టు తగలబడింది. దయ్యం లేదు, వడ్డీకిచ్చే పెద్దమనిషి ఒకాయన, ఆయన పేరిట మన పెంకుటిల్లు తాకట్టు. కుండ మాత్రం ఉంది. అది నాదే. ఏకాదశులూ ఉన్నాయి. మీ అమ్మకి నాయనమ్మ, మా అత్తగారు, ఆవిడ పేరు సింగమ్మ. చెప్పండి ఒకసారి. సింగమ్మ. ఆఁ.

నన్ను ఆపి వాసన చూసే దయ్యం ఎవరూ రాలేదు. మూడున్నరేళ్ళలో తీర్చేశాను. ఊరంతా మెచ్చుకుంది. కాగితాలు చేతికొచ్చిన రోజు పరమాన్నం వండి, మొట్టమొదట మా అత్తగారికే పెట్టాను. రెండు చెంచాలు తిని గిన్నె పక్కన పెట్టేసింది. పొట్ట కుంచించుకుపోయిందే అమ్మాయ్, పట్టడం లేదు, నువ్వేమీ అనుకోకు అంది. నన్ను ఏమీ అనుకోవద్దంది, విన్నారా? ఇల్లు మిగిలింది. ఈ మాట మీ అమ్మకి కూడా ఇంతవరకూ చెప్పలేదు. చెప్పడానికి మొహం చెల్లలేదు.

అప్పు త్వరగా తీర్చుకోవడం తప్పని నేననను. ఫ్రిజ్‌మీద అంటించిన కాగితంలో నెలకో గడికి మీరు రంగు వేస్తున్నారు కదా, పన్నెండేళ్ళ ఇంటి లోను ఆరేళ్ళలో అయిపోవాలని. మంచిదే. మీ నాన్న బండి మానేసి బస్సులో వెళుతున్నాడు, మీ అమ్మ రెండు చీరలతో సరిపెట్టుకుంటోంది. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకునే చేస్తున్నారు. నేనే ఎవరికీ చెప్పలేదు. మాత్ర పదకొండు రూపాయలు. అరమాత్రకి అయిదున్నర మిగుల్తుంది, నెలకి నూట అరవైఅయిదు. మీ అమ్మ అడిగిందా నన్ను? అడగలేదు. మా అత్తగారు నాకు చేసిందే నేను నా కూతురికి చేస్తున్నాను. రేపు నాకేమైనా అయితే, మీ అమ్మ జన్మంతా ఆ గళ్ళు చూసి కుమిలిపోతుంది. అది తెలిసి కూడా చేశాను. తెలిసి చెయ్యడం నాకు కొత్త కాదు కదా.

పొద్దున్నే లేచి నేనే చెప్పేస్తానని ఇప్పుడు చీకట్లో అనుకుంటున్నాను. తెల్లారాక మీ అమ్మ మొహం చూస్తే నాకు నోరు రాకపోవచ్చు. మీ టిఫిను డబ్బాలు సర్దుతూ, రోజూలాగే, అమ్మమ్మ మాత్ర వేసుకుందా పిల్లలూ అని అడుగుతుంది. నేను తల వంచుకుని నిలబడతాను. అప్పుడు మీరేం చెబుతారు?