కేశవరాజు ఎదుట చెప్పిన పాఠం

డాక్టర్ ఫణీంద్రకి ఒళ్ళు మండిపోయింది.

నర్సాపురంలో వైద్య బోధన సమితి అని ఒకటుంది. చుట్టుపక్కల పల్లెల్లో పనిచేసే కుర్ర డాక్టర్లకి కొత్త మందుల గురించి పాఠాలు చెప్పించడం దాని పని. దాన్ని పెట్టినావిడ డాక్టర్ తిరుమలాంబ. మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరై, సొంత ఊరొచ్చి ఉంటున్నారు. ఫణీంద్ర ఆవిడ శిష్యుడు. రోగి నాడి పట్టుకోవడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు.

ఈసారి పాఠం, కీళ్ళనొప్పులకి కొత్తగా వచ్చిన ఒక మాత్ర మీద. దాని గురించి ఫణీంద్రకి తెలిసినంత ఊళ్ళో ఇంకెవరికీ తెలీదు. ఆ సంగతి సమితిలో అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకుని మరీ అతని పేరు కొట్టేశారు.

ఎందుకంటే, ఆ మాత్ర తయారుచేసే కంపెనీ కిందటేడు అతన్ని తన ఖర్చుతో సింగపూర్ సదస్సుకి పంపింది. మందులవాళ్ళ దగ్గర ఏ మేలు పొందినా సమితికి చెప్పాలని, వాళ్ళ మందు గురించి పాఠం చెప్పకూడదని సమితి నియమం. ఆ నియమం పెట్టింది తిరుమలాంబగారే.

సాయంత్రం పేషెంట్లు అయిపోగానే తిన్నగా ఆవిడింటికి వెళ్ళాడు. ఆవిడ వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు.

“వాళ్ళు పెన్నిస్తే చెప్పాలి. కాఫీ ఇప్పిస్తే చెప్పాలి. రేపు వాళ్ళు తుమ్మితే నేను చిరంజీవ అన్నా సమితికి చెప్పుకోవాలా మేడమ్?”

ఆవిడ ఇంకో కాయ తీసుకున్నారు.

“విమానం టిక్కెట్టుకి అమ్ముడుపోయేవాణ్ణా నేను? మీరు చెప్పండి. మీ చేతికింద తయారైనవాణ్ణి.”

“కాదు,” అన్నారావిడ.

“మరి ఇదేం చాదస్తమండీ?”

“ఆ పాఠమేదో నాకు చెప్పు. విందాం.”

ఫణీంద్ర విసుక్కుంటూనే మొదలుపెట్టాడు. కాసేపటికి విసుగు మర్చిపోయాడు. మాత్ర ఎలా పనిచేస్తుందో, ఎవరికి నప్పుతుందో చెప్పుకుంటూ వచ్చి, “ఒక్కటి గుర్తుపెట్టుకోండి. కిడ్నీలు ఏమాత్రం బలహీనంగా ఉన్నా ఈ మాత్ర జోలికి పోవద్దు. పెద్ద వయసువాళ్ళకి అసలే వద్దు. నొప్పి తగ్గించబోయి మనిషిని పోగొట్టుకుంటారు,” అని ముగించాడు.

“బావుంది. ఆదివారం పొద్దున్నే రా. పిల్లల్ని పిలుస్తాను. ఇదే చెబుదువుగాని.”

“సమితి ఊరుకుంటుందా?”

“మా ఇంట్లో పాఠానికి సమితి ఏమిటి?”

ఫణీంద్ర ఇంటికి నడుస్తూ, మేడమ్ దారికొచ్చారని అనుకున్నాడు.

ఆదివారం వెళ్ళేసరికి హాల్లో చాపలమీద కుర్ర డాక్టర్లు కూర్చున్నారు. గోడకి నల్లబల్ల తగిలించి ఉంది. ముందువరసలో, ఒకే ఒక్క పేము కుర్చీలో కేశవరాజు. ఆ కంపెనీ మేనేజరు.

“మేడమ్ ఫోన్ చేసి రమ్మన్నారు సార్. మీ పాఠం వినే అదృష్టం ఎప్పుడు కలుగుతుందా అనుకుంటున్నాను,” అన్నాడు లేచి నిలబడి.

ఫణీంద్ర సంతోషంగా అతని భుజం తట్టాడు. వానాకాలంలో నాన్నకి గుండెనొప్పి వచ్చినప్పుడు కారు తీసుకొచ్చింది కేశవరాజే. రోడ్డంతా నీళ్ళు. తనే నడుపుకుంటూ భీమవరం తీసుకెళ్ళి, నాన్న కళ్ళు తెరిచేదాకా ఆస్పత్రి బల్లమీదే కూర్చుండిపోయాడు. తోడబుట్టినవాడు చేస్తాడా అలా?

పాఠం మొదలైంది. ఫణీంద్ర హుషారుగా చెప్పాడు. పిల్లలు తలలు వంచి రాసుకున్నారు. కేశవరాజు ప్రతి మాటకీ చిరునవ్వుతో తలూపుతున్నాడు. తిరుమలాంబగారు వెనక తలుపు దగ్గర నిలబడి విన్నారు. పాఠం అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు.

ఆవిడ లోపలికెళ్ళి ఒక ముసలామెని చెయ్యిపట్టుకుని నడిపించుకొచ్చారు. పేరు పోలమ్మ. రేవులో ఎండుచేపలు అమ్ముతుంది.

“మోకాళ్ళు పట్టేశాయి తల్లీ. గంప దింపుకోలేకపోతున్నాను,” అంది పోలమ్మ, చాపలమీదున్న అందరికీ కలిపి.

“ఈవిడ రక్తపరీక్షలు ఇవిగో. కిడ్నీలు కాస్త మందగించాయి,” అని తిరుమలాంబగారు కాగితాలు నస్రీన్ చేతికిచ్చారు. ఆ పిల్ల మొగల్తూరు దగ్గర కొత్తగా చేరిన డాక్టరు. “ఏం రాస్తావమ్మా?”

నస్రీన్ కాగితాలు శ్రద్ధగా చూసింది. పెన్ను తీసి, ఇప్పుడు పాఠంలో విన్న మాత్ర పేరు రాయడం మొదలుపెట్టింది.

“ఏయ్! ఏం రాస్తున్నావ్?” ఫణీంద్ర ఒక్క అంగలో దగ్గరికొచ్చాడు. “కిడ్నీలు బాలేవని కళ్ళముందు కనిపిస్తుంటే ఆ మాత్రా? ఇంతసేపూ ఏం విన్నావ్?”

ఆ పిల్ల బిత్తరపోయింది. “మీరే అన్నారు కద్సార్, కిడ్నీల విషయంలో కాస్త చూసుకుంటూ వాడితే భయం లేదని?”

“నేనా? నేనలా అనలేదు!”

వెనకనున్న కుర్రాడు తను రాసుకున్నది ఒకసారి చూసుకుని, తల పైకెత్తకుండా, “అన్నారు సార్,” అన్నాడు.

“పెద్దవాళ్ళకి వద్దని చెప్పాను కదయ్యా!”

“తగ్గించి ఇవ్వమన్నారు సార్,” అంది నస్రీన్ మెల్లగా.

ఫణీంద్రకి కోపం నషాళానికెక్కింది. అందరికీ ఒకేసారి చెవుడొచ్చిందా? ఒక్కడైనా సరిగ్గా విన్నవాడు ఉండకపోతాడా అని కేశవరాజు వైపు తిరిగాడు.

“మీరు చెప్పండి రాజుగారూ. నేనలా అన్నానా?”

“అన్నారు సార్,” అన్నాడు కేశవరాజు ఆప్యాయంగా. “చాలా చక్కగా చెప్పారు. మా వాళ్ళెవరూ అలా చెప్పలేరు.”

పోలమ్మ ఒకరి తర్వాత ఒకరి మొహం చూస్తోంది. ఏమి తేడా వచ్చిందో ఆమెకి తెలియలేదు. “అయితే మందు లేదా బాబూ?” అని ఫణీంద్రనే అడిగింది.

అతను పక్కకి తప్పుకున్నాడు.

తిరుమలాంబగారు నస్రీన్ రాసిన చీటీ తీసుకుని చింపేశారు. పోలమ్మని కేశవరాజు ఖాళీచేసిన కుర్చీలో కూర్చోబెట్టి, మోకాళ్ళమీద చెయ్యివేసి చూసి, వేరే మందు రాశారు. తర్వాత నల్లబల్ల దగ్గరికెళ్ళి, కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్ళకి ఆ మాత్ర ఎందుకు ఇవ్వకూడదో పిల్లలకి మొదటినుంచీ చెప్పారు. ఫణీంద్ర చాపమీద, పిల్లల మధ్య కూర్చుని విన్నాడు.

అందరూ వెళ్ళాక కేశవరాజు వీధి గుమ్మంలోంచి పిలిచాడు. “ఎండగా ఉంది. రండి సార్, దింపేసి వెళతాను.”

“మీరు వెళ్ళండి రాజుగారూ. నేను నడిచి వెళతాను.”

కారు మలుపు తిరిగేదాకా ఫణీంద్ర అటే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత, ఆవిడవైపు తిరగకుండానే, “అతను చాలా మంచివాడు మేడమ్,” అన్నాడు.

“తెలుసు,” అన్నారు తిరుమలాంబగారు. “చెడ్డవాడైతే నియమం ఎందుకు?”