కూడలిలో జరిగిన పీట

ఖర నామ సంవత్సరం, ఎండాకాలం. పాలమడుగు అనే రాజ్యాన్ని రణభీమరాయుడు ఏలుతున్న రోజులు. కోట ఎదుట నాలుగు వీధులు కలిసే కూడలిలో రాజు జనం కోసం రాతి బల్లలు వేయించాడు. అన్నీ వరసగా కోట బురుజు వైపే తిరిగి ఉంటాయి. కదలకుండా సీసం పోసి బిగించారు. సాయంత్రం తాను బురుజు మీదికి వస్తే ప్రజలంతా తననే చూస్తూ కూర్చోవాలని ఆయన ముచ్చట.

జనం రాలేదు. నలుగురు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడానికి వీల్లేదు. ఎండ మొహాన కొట్టినా జరగడానికి లేదు.

నూలు వడికే ఓబుళమ్మ మాత్రం ఇంటి నుంచి ముక్కాలిపీట తెచ్చుకుని, వదిన నరసమ్మ కూర్చున్న బల్ల ఎదుట వేసుకుని కబుర్లాడేది. తలారులు పీట లాక్కున్నారు. మర్నాడు ఇంకో పీట తెచ్చింది. అదీ లాక్కున్నారు. ఆ మర్నాడు రోలు దొర్లించుకుంటూ వచ్చి, బోర్లించి దానిమీద కూర్చుంది.

ఆమెను సభకు ఈడ్చుకొచ్చారు.

"మేం వేయించిన బల్లలుండగా నీకు రోలెందుకే ముసలిదానా?" అన్నాడు రాజు.

"చెవులు మందం దొరా. ఎదురుగా కూర్చుని నోరు చూస్తే గాని మా వదిన మాట నాకు తెలీదు."

"కూడలిలో ఆసనం కొత్తది తెచ్చినా, ఉన్నది జరిపినా దేశం విడిచి పోవలసిందే! రేపు పొద్దున్నే దీన్ని పొలిమేర దాటించండి."

ఓబుళమ్మ కళ్లనీళ్లు పెట్టుకోలేదు. "పోతాను. రోలు కూడా తీసుకుపోతాను" అంది.

ఆస్థానంలో పెద్దిభట్టు అనే కవి ఉన్నాడు. ఆయన లేచాడు. "ప్రభూ, ఈ ఆజ్ఞ అందరికీ ఒకటేనా?"

"మాకు కూడా ఒకటే!" అని రాజు ఛాతీ విరుచుకున్నాడు.

"అయితే ఈ సాయంత్రం తమరే కూడలికి దయచేసి, బల్లల వరసలో కూర్చోండి. తమరి మీద కొత్త పద్యాలు చెబుతాను. చూసి జనం బుద్ధి తెచ్చుకుంటారు."

రాజు పొంగిపోయాడు.

నిజానికి రాజుకీ వినికిడి తక్కువే. ఆ సంగతి సభలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడటం అక్కడ ఆనవాయితీ.

సాయంత్రం జనం మూగారు. బల్లల వరసలో రాజుగారి దంతపు ఆసనం వేశారు. పెద్దిభట్టు పక్క బల్లమీద కూర్చుని, తానూ బురుజు వైపే చూస్తూ, మెల్లగా పద్యం ఎత్తుకున్నాడు.

"రణభీమరాయుడి మీసం..." వరకు వినబడింది. తర్వాతది గాలికి పోయింది. వెనక ఉన్నవాళ్లు "ఆహా!" అన్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"మీసం ఏమైంది?" అన్నాడు రాజు.

పెద్దిభట్టు తల తిప్పకుండా రెండో పద్యం మొదలెట్టాడు. అందులోనూ మీసమే. జనం మళ్లీ నవ్వారు.

రాజు ఇక ఆగలేకపోయాడు. లేచి, ఆసనాన్ని రెండు చేతులా పట్టుకుని కవికి ఎదురుగా గుంజాడు. దాని కాలొకటి ఫెళ్లున విరిగింది.

పెద్దిభట్టు లేచి చేతులు కట్టుకున్నాడు. "కొత్త ఆసనం తెచ్చారు, జరిపారు కూడా. రేపు పొద్దున్నే ప్రయాణం కదా ప్రభూ. తమరు తూర్పు పొలిమేర దాటుతారా, పడమరా? ఓబుళమ్మకి తోడు దొరికిందని చెప్పి వస్తాను."

రాజు విరిగిన కాలు వంక చూశాడు. దూరాన తలారుల మధ్య రోలు మీద కూర్చున్న ముసలిదాన్ని చూశాడు.

"ముందు ఆ మీసం సంగతి చెప్పవయ్యా!"

"ఎదురుగా వచ్చారుగా, ఇప్పుడు చెబుతాను. ఆ మీసాన్ని చూసి శత్రువులు పారిపోయారట. జనం మాత్రం పక్కకి జరిగి మాట్లాడుకుంటారట."

రాజు కడుపు పట్టుకుని నవ్వాడు. చేతి కడియం తీసి కవికి తొడిగాడు. రాతి బల్లలు పెళ్లగించి, ఒంటిచేత్తో ఎత్తగలిగే పీటలు, నులకమంచాలు వేయించమన్నాడు. ఎవరికి ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. ఓబుళమ్మ పీటలు రెండూ తిరిగొచ్చాయి. రోలు మాత్రం తలారులు మోసుకెళ్లి ఆమె ఇంట్లో దించి రావలసి వచ్చింది.

దంతపు ఆసనం కాలు మళ్లీ అతకలేదు.