చింతపండుతో తోమిన సముద్రం

ఆశ్రమంలో చేరి రెండేళ్ళయినా కామేశానికి మంత్రోపదేశం కాలేదు. అతని తర్వాత వచ్చిన ఇద్దరు ఉపదేశం పుచ్చుకుని, కళ్ళు సగం మూసుకుని తిరుగుతున్నారు. కామేశం కళ్ళు మాత్రం పూర్తిగా తెరుచుకునే ఉన్నాయి. రిటైరైన లెక్కల మాస్టారు. రోజులు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు.

ఒకనాడు ఉండబట్టలేక విమలానందస్వామిని అడిగేశాడు.

"స్వామీ, నాకెప్పుడు?"

ఆశ్రమం భీమిలి దారిలో, సముద్రానికి ఎదురుగా ఉంటుంది. ఎవరో భక్తుడు కానుకగా ఇచ్చిన గాజుతొట్టి ఒకటి వరండాలో ఖాళీగా పడి ఉంది. స్వామి దాన్ని చూపించాడు.

"అందులో సముద్రపు నీళ్ళు పోసి, ఒక్క చేపను బతికించు. ఆ రోజే ఉపదేశం."

"అంతేనా స్వామీ?"

"అంతే నాయనా."

గురుపౌర్ణమికి ఇంకా నలభై అయిదు రోజులుంది. ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని ఒక్క చేపకు నలభై అయిదు రోజులా! కామేశం ఆ సాయంత్రమే బావమరిది జగ్గారావుకు ఫోన్ చేశాడు. "గురుపౌర్ణమికి నాకు ఉపదేశం. నువ్వు తప్పకుండా రావాలి."

జాలరి ఎర్రయ్య పడవ మీద లోతుకు వెళ్ళి నీళ్ళు, ఇసుక, నాచు పట్టిన రాళ్ళు తెచ్చిపెట్టాడు. స్వామి ఒక గాజు గొట్టం, మందుసీసా ఇచ్చాడు.

"గొట్టంలో తొట్టి నీళ్ళు తీసుకుని నాలుగు చుక్కలు మందు వెయ్యి. ఆకుపచ్చగా మారితే నీళ్ళలో విషం ఉన్నట్టు. పసుపు పచ్చగా ఉంటే లేనట్టు. చేప వదిలే మలినం కూడా ఆ విషమే అవుతుంది. దాన్ని తినే ప్రాణులు రాళ్ళను పట్టుకుని పెరగాలి. అవి మన కంటికి కనబడవు."

"అవి ఎలా పెరుగుతాయి స్వామీ?"

"ఒక పచ్చిరొయ్య వెయ్యి. అది కుళ్ళితే విషం పుడుతుంది. తిండి పుడితే తినేవాళ్ళు రారూ?"

పుట్టి బుద్ధెరిగాక కామేశం రొయ్యను ముట్టలేదు. విస్తరాకు ముక్కతో పట్టుకుని, ముఖం అటు తిప్పుకుని తొట్టిలోకి వదిలాడు. వెళ్ళి స్నానం చేశాడు. చుక్క నీరు మీద చిందిందేమోనన్న అనుమానంతో మళ్ళీ చేశాడు.

రోజుకు ఒక్కసారి చూడమన్నాడు స్వామి. కామేశం అయిదుసార్లు చూశాడు. ప్రతిసారీ ఆకుపచ్చే.

"పంతులుగారూ, అంతసేపు కన్నార్పకుండా సూస్తే ఆ నీలు సిగ్గుపడిపోతాయి బాబూ," అన్నాడు ఎర్రయ్య.

పద్దెనిమిదో రోజుకి రాళ్ళ మీద, ఇసుక మీద, గాజు మీద బురదరంగు జిడ్డు పేరుకుంది. పూజ సామాను తోమడం ఆశ్రమంలో అతని పని. అతని చేతిలో పడ్డ చెంబు అద్దమై తీరవలసిందే. అలాంటి మనిషి కాపలా కాస్తున్న తొట్టి ఇలాగా! రాళ్ళన్నీ బయటికి తీశాడు. చింతపండు పెట్టి తోమాడు. వేడినీళ్ళతో రెండుసార్లు కడిగాడు. ఇసుకను బియ్యం కడిగినట్టు కడిగాడు. కొత్తనీళ్ళు పోసి, చేతులు తుడుచుకుంటూ స్వామిని పిలుచుకొచ్చాడు.

స్వామి చాలాసేపు చూశాడు.

"బాగా మెరుస్తున్నాయి. ఇప్పుడు ఇందులో సాలగ్రామాన్ని పెట్టి పూజ చేసుకోవచ్చు. చేపను మాత్రం పెట్టలేం."

"ఏం స్వామీ?"

"తినేవాళ్ళందరినీ తోమేశావు కదా."

కామేశం తుడుచుకున్న చేతులనే మళ్ళీ తుడుచుకున్నాడు.

"మరిప్పుడేం చెయ్యమంటారు?"

"ఇంకో రొయ్య."

లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలైంది. గురుపౌర్ణమి మాత్రం ఆగకుండా దగ్గరికొస్తోంది. ఎనిమిది రోజులుందనగా కామేశం ఇక తట్టుకోలేకపోయాడు. ఎర్రయ్య చేత చారల చేపలు రెండు డబ్బాలో తెప్పించాడు. గొట్టంలో రంగు ఇంకా ఆకుపచ్చే. కానీ ఎండలో పెట్టి, తల వంచి, ఒక కన్ను మూసుకుని చూస్తే కాస్త పసుపు అనిపించింది.

"స్వామీ, నీళ్ళు తేటగా ఉన్నాయి. రాళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ఇవాళే వదిలేద్దామా?"

"సాయంత్రం చూద్దాంలే," అన్నాడు స్వామి. "నువ్వెన్నాళ్ళుగానో గది అడుగుతున్నావు. కొత్త గది సిద్ధమైంది. ముందు అందులోకి మారిపో."

కామేశం సంబరపడిపోయాడు. రెండేళ్ళుగా వరండాలో దోమలతో కాపురం చేస్తున్నాడు. పరుపు చుట్ట చంకన పెట్టుకుని గదిలో అడుగుపెట్టాడు. స్వామి తలుపు దగ్గరగా వేసి, గుమ్మం బయట కూర్చున్నాడు.

ఆ గోడలకు ఆయిల్ పెయింట్ వేసింది ఆ పొద్దుటే. ఇసుక ఎగిరి అంటుకోకుండా కిటికీలన్నీ బిగించి ఉన్నాయి.

మొదట కళ్ళు మండాయి. తర్వాత ముక్కు, ఆ తర్వాత గొంతు. లోపల దగ్గు మొదలైంది.

"ఏం నాయనా, గోడలు తెల్లగా లేవా?" బయటి నుంచి అడిగాడు స్వామి.

"తెల్లగానే... ఉన్నాయి స్వామీ!"

"నేల శుభ్రంగా లేదా?"

"అద్దంలా... ఉంది!"

"మరింకేం కావాలి?"

"ఊపిరాడటం లేదు స్వామీ!"

"కాస్త ఓర్చుకో. గురుపౌర్ణమి ఎనిమిది రోజులేగా."

తలుపు తోసుకుని కామేశం వరండాలోకి వచ్చి పడ్డాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. వీపు మీద అరగోడ పెయింట్ ఉంది. రొప్పుతూ డబ్బా పక్కనే కూలబడ్డాడు. లోపల రెండు చేపలు నోళ్ళు తెరుస్తూ, మూస్తూ ఉన్నాయి. కామేశం నోరు కూడా అలాగే తెరుచుకుంటోంది, మూసుకుంటోంది.

కాసేపు వాటిని చూశాడు. లేచి, డబ్బా ఎత్తుకుని, మండుటెండలో పడవల రేవుకు నడిచాడు.

"ఏటి పంతులుగారూ, ఎనక్కి తెచ్చీసినారు? సచ్చిపోనాయా?"

"లేదు. చావకుండానే తెచ్చాను."

గురుపౌర్ణమి వచ్చింది. జగ్గారావు పనసపండు మోసుకుంటూ దిగాడు.

"బావా, ఉపదేశం అయిందా?"

"కాలేదు."

"మరెప్పుడు?"

"నన్నడిగితే నాకేం తెలుసు? వాటినడుగు," అని కామేశం తొట్టిలో రాళ్ళను చూపించాడు.

జగ్గారావు రాళ్ళను చూశాడు. బావను చూశాడు. పక్కకు వెళ్ళి ఫోన్ తీశాడు. "అక్కా, బావకు ఎండదెబ్బ తగిలినట్టుందే."

రాళ్ళ మీద మళ్ళీ బురదరంగు కమ్మింది. కామేశం చెయ్యి పెట్టలేదు. అది పలచబడి, అక్కడక్కడ పచ్చటి నూగు లేచింది. ఒక రోజు గొట్టంలో చుక్కలు వేస్తే పసుపు పచ్చగా నిలిచింది. ఏ కన్నుతో చూసినా పసుపే. కామేశం గొట్టం కడిగి బోర్లించి, తన పని చూసుకున్నాడు.

మరికొన్నాళ్ళకు స్వామి అటుగా వచ్చాడు.

"రంగేమంటోంది నాయనా?"

"పసుపు స్వామీ."

"ఎన్నాళ్ళయింది?"

"తొమ్మిది రోజులు."

"మరి ఎర్రయ్యకు కబురు పెట్టలేదేం?"

"ఇంకో వారం చూస్తాను స్వామీ."

స్వామి వచ్చి అతని పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. ఏమీ ఈదని ఆ నీళ్ళను ఇద్దరూ చాలాసేపు చూశారు.

"ఏదీ, ఆ కుడిచెవి ఇటు తిప్పు," అన్నాడు స్వామి.

కామేశం తడబడ్డాడు. "స్వామీ, చేప ఇంకా..."

"చేపకు తర్వాత చెబుతాలే. ముందు నువ్వు విను."