పిడికిటమ్మ చేతిలోని మన్ను

మరువలస దాటి ఏటి మీది కాలివంతెన గుండా అవతలి గట్టుకు చేరితే, ఈత చెట్ల నడుమ ఒక చిన్న గుడి కనిపిస్తుంది. దానికి గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. పెంకుల కప్పు కింద మూరెడు ఎత్తు నల్లరాతి మూర్తి కొలువై ఉంటుంది. అమ్మవారి ఎడమ చేయి ఒడిలో ఉంటుంది. కుడి చేయి అభయమూ ఇవ్వదు, వరమూ ఇవ్వదు. బిగించిన పిడికిలిగా ఉంటుంది. అందువల్లనే ఈ తల్లిని పిడికిటమ్మ అంటారు. గుడి చుట్టూ మరువం గుబురుగా పెరిగి, వాసన వంతెన దాకా వస్తుంది. ఆ పిడికిలిలో ఏముందని అడిగిన భక్తులకు అర్చకులు చెప్పే వృత్తాంతం ఇది.

పూర్వం ఇక్కడ గుడి లేదు. ఏటికి ఇవతల, ఊళ్లో, నీలకంఠేశ్వర స్వామి కోవెల ఒక్కటే ఉండేది. స్వామికి ప్రతి ఉదయం మరువపు మాల వేయడం ఆచారం. అందుకోసం పెంచే మడిని తవిటయ్య అనే తోటమాలి కనిపెట్టుకొని ఉండేవాడు. పనిమంతుడే గాని పరమ అనుమానపు మనిషి. పాలు పోయించుకొని వేలు ముంచి చూసేవాడు. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, ఆ నవ్వు ఎందుకు వచ్చిందా అని ఆ పూటంతా ఆలోచించేవాడు.

ఒక ఏడాది ఏరు పొంగి మడి మీద ఇసుక మేట వేసింది. మరువం మొదళ్లతో సహా కుళ్లిపోయింది. తవిటయ్య ఇసుక ఎత్తిపోసి, పొరుగూరి నుంచి కొమ్మలు తెచ్చి, నీళ్ల కుండలో నిలిపాడు. పది రోజులకు తెల్లని వేళ్లు బెత్తెడు దిగాయి. మురిసిపోయి వాటిని మడిలో నాటాడు. పొద్దున నాటినవి మధ్యాహ్నానికే తలలు వాల్చాయి, మూడో నాటికి నల్లబడ్డాయి. నాలుగు మార్లు వేళ్లు పుట్టించాడు, నాలుగు మార్లూ అదే గతి పట్టింది. నీళ్లలో నిగనిగలాడిన కొమ్మ మన్ను తగలగానే ఎందుకు చస్తున్నదో అతనికి అంతుపట్టలేదు. స్వామి మెడ బోసిపోయింది. శివరాత్రి నాటికి మాల సిద్ధం కాకపోతే మడిని మరొకరికి అప్పగిస్తామని పెద్దలు తేల్చి చెప్పారు.

అదే కాలంలో అతని ఇంట మరొక దిగులు పుట్టింది. కొత్త కోడలు ఆదెమ్మ కాపురానికి వచ్చి నాలుగు నెలలైంది. కొండ దిగువ మెట్ట పల్లెలో పుట్టిన పిల్ల. వచ్చిన నాడు గలగలలాడుతూ తిరిగింది. రానురాను అన్నం ముద్ద మింగలేక, మాట పెగలక, చిక్కి సగమైపోయింది. వైద్యుడు నాడి పట్టి చూసి రోగమేమీ లేదన్నాడు. రోగం లేదంటే మరేదో ఉన్నదని తవిటయ్యకు అనిపించింది.

ఏటి ఒడ్డున చిలకమ్మ అనే ఒంటరి స్త్రీ గుడిసె వేసుకొని ఉండేది. ఆ వరదలోనే దిగువ ఊరు కొట్టుకుపోగా ఇక్కడికి చేరి, ఆకుకూరలు అమ్ముకొని బతికేది. ఆమె గుడిసె చుట్టూ మరువం ఒత్తుగా పెరిగింది. తన మడిలో చచ్చేది ఆమె వాకిట్లో ఎలా బతుకుతున్నదని తవిటయ్యకు మొదటి అనుమానం. ఆమె వచ్చాకనే కోడలు వాడిపోసాగిందని రెండవ అనుమానం. తెల్లవారేసరికి మడి గట్టున ఎవరో మన్ను తీసిన గుర్తు కనిపించడం మూడవది.

అతడు మడి చుట్టూ బూడిద చల్లి చూశాడు. మరునాడు దాని మీద ఆడమనిషి అడుగులు పడి ఉన్నాయి. ఆ మరునాడు తెల్లవారకముందే కంచె వెనుక కూర్చున్నాడు. వెలుగు రేకలు వచ్చే వేళకు చిలకమ్మ వచ్చింది. కోవెల వైపు తిరిగి దణ్ణం పెట్టుకొని, మడిలోంచి ఒకే ఒక పిడికెడు మన్ను తీసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. తవిటయ్య పొదల చాటున వెంబడించాడు. గుడిసె ముందర కొమ్మలు నిలిపిన కుండ ఒకటి ఉంది. ఆమె ఆ మన్నును కుండ నీళ్లలో మెల్లగా వదులుతూ, పెదవులు కదిపి ఏదో చెప్పుకొంటున్నది.

మనిషి తొక్కిన మన్ను తీస్తే చిల్లంగి అనే చేతబడి పెట్టడానికేనని ఆ ప్రాంతంలో అందరికీ తెలిసిన మాట. తవిటయ్యకూ అదే తోచింది. అయినా ఏమిటని అడగలేదు. అడిగితే జాగ్రత్త పడుతుందనుకొన్నాడు. ఆమె రోజూ వచ్చింది. అతడు రోజూ చూశాడు. ఆరు పిడికిళ్లు లెక్కపెట్టి, ఏడవ నాడు ఊరి పెద్ద సన్యాసినాయుణ్ణి, మరి పదిమందిని వెంటబెట్టుకొని కంచె దగ్గర కాచుకొన్నాడు.

చిలకమ్మ మన్ను తీసి లేచేసరికి చుట్టూ జనం ఉన్నారు.

"ఏటి తల్లీ ఇది? దేవుడి మడిలో నీకేటి పని?" అని నాయుడు అడిగాడు.

"స్వామి మాల కోసమే నాయుడుబాబూ. నా గుడిసె కాడ కొమ్మలు నీళ్లలో ఏళ్లు పోసినాయి. ఆ ఏళ్లకి మన్ను తెలీదు. ఒక్కసారి పాతేస్తే బెదిరి సచ్చిపోతాయి. ఏ మన్నులోకి ఎల్లాలో ఆ మన్నే రోజుకి పిడికెడు కుండలో ఏస్తన్నాను. నీళ్లు బురదవుతాయి, బురద మన్నవుతాది. అప్పుడు కుండలోంచి కదిలినట్టు దానికి తెలీదు."

కొందరు తలలు ఊపారు. తవిటయ్య మాత్రం ముందుకు దూకాడు. "మరి పెదాలు కదిపి సదివేదేటి? మా కోడలి పేరేనా? ఏదీ, ఆ పిడికిలి ఇప్పు!" అంటూ ఆమె మణికట్టు పట్టుకొని మెలితిప్పాడు.

అంతవరకు వదులుగా ఉన్న చిలకమ్మ వేళ్లు ఆ క్షణాన బిగుసుకొన్నాయి. "పట్టుకొన్న చేతికి ఇప్పను," అన్నది. నలుగురు కలిసి లాగినా ఆ పిడికిలి విడలేదు. విప్పలేదంటే దాచినట్టేనని జనం కేకలు వేశారు. తవిటయ్య గుడిసె దగ్గరికి పరుగెత్తి ఆమె కుండను పగలగొట్టాడు. పెంకుల నడుమ బురద ముద్దతో సహా మరువపు కొమ్మలు పడి ఉన్నాయి. అందులో ఎముక లేదు, వెంట్రుక లేదు, నిమ్మకాయ లేదు. అయినా ఆమెను ఏరు దాటించి, మళ్లీ ఇటు రావద్దని హెచ్చరించి వచ్చారు.

ఆ సాయంత్రం ఆదెమ్మ నీళ్లకు వెళ్లి పగిలిన కుండను చూసింది. బురద రాలకుండా కొమ్మలను కొంగులో ఎత్తుకొని వచ్చి, ఎండ దిగిన మడిలో నాటి, పైన ఈతాకులు కప్పింది. తెల్లవారి తవిటయ్య వాటిని చూశాడు. పీకేద్దామని చేయి చాచి, ముట్టుకోవడానికి భయపడ్డాడు. ఎలాగూ మధ్యాహ్నానికి వాడిపోతాయని గట్టున కూర్చున్నాడు. మధ్యాహ్నమైంది. ఆకులు వాలలేదు. మూడో నాడు నల్లబడతాయనుకొన్నాడు, నల్లబడలేదు. ఇది కూడా మాయేనేమోనని ఒక ఆకు గిల్లి వాసన చూశాడు. మరువపు వాసనే వచ్చింది. అయిదవ నాడు కొమ్మ కొసన రెండు కొత్త చిగుళ్లు కనిపించాయి. తాను చేసిన తప్పు అప్పుడు అతనికి తెలిసింది.

ఆ మధ్యాహ్నం గట్టు మీద కునుకు పట్టగా కల వచ్చింది. నల్లని స్త్రీ ఒకతె పిడికిలి బిగించి ఎదురుగా కూర్చున్నది. తవిటయ్య కలలో కూడా ఆ వేళ్లను విప్పబోయాడు. అవి రాయిలా ఉన్నాయి. "ఆరు పొద్దులు కంచె ఎనకాల కూకున్నావు. ఒక్క పొద్దు అడిగుంటే ఇప్పి సూపేదాన్ని కదయ్యా," అని ఆమె అన్నది. "ఇంట్లో ఉన్నదాన్నయినా అడిగినావా?"

అతడు ఉలిక్కిపడి లేచి, తిన్నగా ఇంటికి వెళ్లాడు. ఆదెమ్మ గుంజకు ఆనుకొని కూర్చుని ఉంది. నాలుగు నెలలుగా ఆమె ఏం దాస్తున్నదో, పుట్టింటికి ఏం పంపుతున్నదో అని కనిపెట్టిన మామ, మొదటిసారి ఆమె ఎదుట చతికిలబడ్డాడు.

"అమ్మా, నీకేటి కావాలే?"

ఆదెమ్మ గబుక్కున లేచి కొంగు సర్దుకొన్నది. తరువాత, "చోడి అంబలి తాగాలనుంది మావయ్యా," అన్నది. "మీ ఇంట్లో మూడు పూటలా వరన్నమే. మా ఊళ్లో పొద్దున అంబలే. అడిగితే లేనింటి పిల్లని నవ్వుతారని అడగలేదు."

తవిటయ్య తానే వెళ్లి చోళ్లు, అంటే రాగులు, తెచ్చాడు. ఆమె ముంతెడు అంబలి తాగి, ఇంకా ఉందా అని అడిగింది. ఆ మాట విని అత్త కళ్లు తుడుచుకొన్నది.

మరునాడు అతడు ఏరు దాటి చిలకమ్మ కోసం వెతికాడు. ఆమె ఈత చెట్ల కింద మూడు రోజులు కూర్చుని ఉండగా చూశామని మేకల కాపరులు చెప్పారు. అక్కడ మనిషి లేదు. కూర్చున్న చోట నల్లరాతి మూర్తి ఒకటి, బిగించిన పిడికిలితో వెలసి ఉంది. ఆమె ఎగువ ఊళ్లకు వెళ్లి బతికిందని కొందరంటారు, అమ్మవారే ఆ రూపాన వచ్చిందని కొందరంటారు. తవిటయ్య ఆ రాతిని ఏమీ అడగలేదు, వేళ్లను ముట్టలేదు. నెత్తి నేలకు ఆనించి పొద్దు వాలేదాకా లేవలేదు. ఆ ఏడాది శివరాత్రికి స్వామి మెడలో మరువపు మాల పడింది. మాలి మాత్రం మడిని కొడుక్కు అప్పగించి, మిగిలిన ఆయుష్షంతా ఈ గట్టునే గడిపాడు.

నేటికీ ఈ చుట్టుపక్కల పెళ్లి కుదిరితే, ముహూర్తానికి ఏడు రోజుల ముందు పెళ్లికొడుకు తల్లి తన పెరటి మన్నును పెళ్లికూతురి ఇంటికి పంపుతుంది. అమ్మవారి మరువపు కొమ్మను కుండ నీళ్లలో నిలిపి, పెళ్లికూతురు రోజుకొక పిడికెడు చొప్పున ఆ మన్ను వేస్తుంది. ఆ కుండతోనే అత్తవారింట అడుగు పెడుతుంది. కుండను దించకముందే అత్తగారు గడపలో నిలిచి, "ఏం తింటావమ్మా?" అని అడగాలి. కోడలు ఏది కోరితే ఆ పూట అదే వండాలి. అలా చేసిన ఇంట మరువం వాడదని, కాపురం పచ్చగా ఉంటుందని, సంతానం కలుగుతుందని భక్తుల విశ్వాసం. మొన్నటి మార్గశిరంలో ఒక కొత్త కోడలు, కాలం కాని కాలంలో, చింతచిగురు పప్పు అడిగింది. అత్తగారు నవ్వలేదు, విసుక్కోలేదు. కోడలిని పీట మీద కూర్చోబెట్టి, ఎండబెట్టిన చిగురు ఎవరింట ఉందోనని పట్టుచీరతోనే మూడు వీధులు తిరిగి, దోసెడు సంపాదించుకొని వచ్చి, పొయ్యి వెలిగించింది.